పేరు కోసం నూటయాభై ఏళ్లు

సెర్బియా ఉత్తర కొసన, హంగేరీ సరిహద్దుకు ఆనుకుని ఉన్న బాచ్కా మైదానంలో ఒక చిన్న క్రొయేట్ సమాజం ఉంది. రాజ్యాలు మారాయి, జెండాలు మారాయి. మాతృభాషలో ఒక పత్రిక, ఒక బడి, చట్టసభలో ఒక గొంతు కావాలని అడగడం మాత్రం వాళ్లు మానలేదు.

1961 జనాభా లెక్కల్లో, బాచ్కా కూడా భాగమైన వోయ్‌వోదినా ప్రాంతంలో క్రొయేట్లమని రాయించుకున్నవాళ్లు 1,45,341 మంది. 2022 లెక్కల్లో 32,684 మంది. అరవై ఏళ్లలో నాలుగో వంతు కూడా మిగల్లేదు. కొందరు వలస వెళ్లారు. కొందరిని వెళ్లగొట్టారు. ఇళ్లలో పిల్లలు తగ్గారు. మరికొందరు ఉన్న ఊళ్లోనే ఉండి, లెక్కలవాళ్లు వచ్చినప్పుడు వేరే పేరు చెప్పారు.

ఈ అంకెల వెనక ఇంకో సంగతి ఉంది. నన్ను ఈ కథ వైపు లాగింది అదే. లక్షా నలభై ఐదు వేల మంది ఉన్న 1961లో ఆ ప్రాంతపు క్రొయేట్లకు తమ పేరున ఒక వారపత్రిక లేదు, నాటకశాల లేదు, పార్టీ అసలే లేదు. ముప్పై రెండు వేలకు కుంగిపోయిన ఈ రోజుల్లో వారపత్రిక ఉంది, ఎన్నికైన జాతీయ మండలి ఉంది, సాంస్కృతిక సంస్థ ఉంది, పిల్లలకు క్రొయేషియన్‌లో పాఠాలు చెప్పే తరగతులున్నాయి, రాజకీయ పార్టీ ఉంది. 2022లో ఆ పార్టీ నాయకుడు బెల్‌గ్రేడ్‌లో మంత్రి కూడా అయ్యాడు. హక్కులు రావలసిన కాలంలో రాలేదు. వచ్చేనాటికి వాటిని వాడుకోవలసిన జనం చాలామంది వెళ్లిపోయారు. అంత ఆలస్యం ఎందుకైందో తెలియాలంటే ఒక మతగురువు దగ్గర మొదలుపెట్టాలి.

కలోచాలో ఒక పత్రిక

బాచ్కా క్రొయేట్లలో రెండు శాఖలు. బున్యెవ్‌త్సీలు, షోక్‌త్సీలు. ఇద్దరూ కాథలిక్కులే, ఇద్దరి మాటా దక్షిణ స్లావ్ భాషే. బున్యెవ్‌త్సీల పూర్వికులు దల్మేషియా, హెర్జెగొవీనా, పశ్చిమ బోస్నియా కొండల నుంచి దిగివచ్చారు. ఒట్టోమన్ సైన్యం వియన్నా దగ్గర ఓడి వెనక్కి తగ్గుతున్న కాలంలో, 1686 ప్రాంతాల్లో, ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ముందు నడవగా పెద్ద గుంపులు దాన్యూబ్, టీసా నదుల మధ్య నేలకు చేరాయి. హబ్స్‌బర్గ్ చక్రవర్తి సరిహద్దుకు వాళ్లు సైనికులు. సరిహద్దు దక్షిణానికి జరిగిపోయాక అదే నేలకు రైతులు. ఊరికి దూరంగా, పొలం నడుమ ఒంటిగా కట్టుకున్న ఇంటిని వాళ్లు సలాష్ అంటారు. సుబోటిత్సా పట్టణం చుట్టూ ఇలాంటి సలాష్‌లు మైళ్ల కొద్దీ పరుచుకున్నాయి.

పంతొమ్మిదో శతాబ్దంలో వీళ్లకు వచ్చిన కష్టం భౌగోళికం. 1867లో ఆస్ట్రియా, హంగేరీలు సామ్రాజ్యాన్ని పంచుకున్నాయి. మరుసటి ఏడు హంగేరీకీ క్రొయేషియాకూ మధ్య ఒప్పందం కుదిరి క్రొయేషియా రాజధాని జాగ్రెబ్‌కు కొంత స్వపరిపాలన దక్కింది. బాచ్కా ఆ గీతకు ఇవతల, నేరుగా హంగేరీ పాలనలో ఉండిపోయింది. జాగ్రెబ్‌లో శాసనసభ, విశ్వవిద్యాలయం, అకాడమీ ఒక్కొక్కటే లేస్తుంటే బాచ్కా క్రొయేట్ల పిల్లలు హంగేరియన్ బడిలో కూర్చున్నారు. 1868 విద్యాచట్టం పిల్లవాడికి తన భాషలో చదువు చెప్పాలనే అంది. అమలులో అది కాగితం దాటలేదు. 1879 చట్టం ప్రాథమిక బడుల్లో హంగేరియన్‌ను తప్పనిసరి చేసింది. 1907లో అపోన్యీ మంత్రి తెచ్చిన చట్టం బిగింపును ఇంకా పెంచింది.

ఈ వాతావరణంలో కలోచా ఆర్చిబిషప్ పీఠంలో కానన్‌గా ఉన్న ఇవాన్ అంతునోవిచ్ తన యాభై ఐదో ఏట ఒక పత్రిక మొదలుపెట్టాడు. 1815లో కున్‌బాయా గ్రామంలో పుట్టినవాడు, ఉన్న కుటుంబం, చర్చిలో పెద్ద హోదా. తన జనం గొడవ తలకెత్తుకోకపోతే ఇంకా పైకి పోగలిగినవాడు. 1870 మార్చి 19, సెయింట్ జోసెఫ్ పండుగ నాడు ‘బున్యెవచ్కే ఇ షోకచ్కే నోవినే’ తొలి సంచిక వెలువడింది. రైతుకు అర్థమయ్యే మాటలో లోకం వార్తలు, వ్యవసాయం, బడి అవసరం, మన భాషను మనం ఎందుకు వదులుకోకూడదన్న వాదన. మరుసటి ఏడు ‘విలా’ అనే సాహిత్య అనుబంధం తోడైంది. చందాలు చాలక అసలు పత్రిక 1872తో ఆగింది. విలా 1876 దాకా నడిచింది.

రెండు మూడేళ్లు నడిచి ఆగిన పత్రికను జాతీయ మేలుకొలుపుకు మొదటి మెట్టుగా చరిత్రకారులు ఎందుకు చెబుతారు? పత్రిక ఆగిపోయినా దాన్ని చదివినవాళ్లు మిగిలారు గనుక. సలాష్‌లో ఒంటరిగా బతికే రైతుకు పక్క జిల్లాలో తనలాగే మాట్లాడే మనిషి ఉన్నాడనీ, ఆ మాటను అచ్చు వేయవచ్చనీ తెలియడం చిన్న సంగతి కాదు. అంతునోవిచ్ ఆ తర్వాత 1882లో దాన్యూబ్, టీసా తీరాల బున్యెవ్‌త్సీ, షోక్‌త్సీల చరిత్ర మీద పుస్తకం వేశాడు. తమ పుట్టుపూర్వోత్తరాల గురించి ఆ జనం తమ భాషలో చదువుకోగలిగిన తొలి పెద్ద రచనల్లో అదొకటి. 1888లో ఆయన పోయేనాటికి పని అందుకునే చేతులు తయారయ్యాయి.

పంచాంగం పట్టుకున్న పల్లె

ఉపాధ్యాయుడు మియో మాండిచ్ 1884లో బాయా పట్టణంలో ‘నేవెన్’ పత్రిక పెట్టాడు. తర్వాత అది సుబోటిత్సాకు మారి మొదటి ప్రపంచ యుద్ధం దాకా నడిచింది. అదే 1884లో ఫాదర్ పాయో కుయుంజిచ్ ‘సుబోటిచ్కా డానిత్సా’ను మొదలుపెట్టాడు. ఏడాదికొకసారి వచ్చే క్యాలెండర్ పుస్తకం అది. పండుగలు, సంతల తేదీలు, కథలు, పద్యాలు, వైద్యం చిట్కాలు అన్నీ అందులోనే. మన ఇళ్లలో పంచాంగం దూలానికి వేలాడినట్టు అది సలాష్‌లలో ఏడాది పొడుగునా చేతికందేచోట ఉండేది. మధ్యలో ఎన్నోసార్లు ఆగినా నేటికీ వస్తోంది. రాజకీయ వ్యాసం చదవని ఇంట్లోకి కూడా అచ్చు అక్షరం ప్రవేశించింది ఈ దారిలోనే అని నా నమ్మకం. ఏ భాషా ఉద్యమమైనా ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే దాని ప్రసంగాలతో పాటు క్యాలెండర్లూ చూడాలి.

న్యాయవాది అంబ్రోజియే షార్చెవిచ్ ఇంకో పని చేశాడు. కోర్టులోనూ కచేరీలోనూ వాడే హంగేరియన్ మాటలకు తన భాషలో సమానార్థకాలు ఇస్తూ నిఘంటువు కూర్చాడు. భాషనూ జాతినీ కాపాడుకుందామన్నది ఆయన ఎప్పుడూ చెప్పే మాట. భాష వంటింట్లోనే ఉంటే చాలదని, దస్తావేజులోకీ దరఖాస్తులోకీ రావాలని ఆయనకు తెలుసు.

1878లో సుబోటిత్సాలో ‘పుచ్కా కసీనా’ అనే జన సమాజ మందిరం వెలిసింది. పత్రికలు చదవడం, మాట్లాడుకోవడం, ఎన్నికల ఎత్తుగడలు అన్నీ అక్కడే. ఆ వర్గం నుంచే లాజర్ మాముజిచ్ 1884లో పట్టణ మేయర్ అయి 1902 దాకా పదవిలో ఉన్నాడు. సుబోటిత్సా అప్పటికి హంగేరీ పెద్ద పట్టణాల్లో ఒకటి. ఆ పీఠం మీద పద్దెనిమిదేళ్లు మనవాడు కూర్చున్నా మాతృభాష బడి మాత్రం రాలేదు. అధికార పక్షంతో సర్దుబాటు వల్లే పదవి నిలిచింది, సర్దుబాటుకు మూల్యం బడి. కుయుంజిచ్ బడుల కోసం చివరిదాకా కొట్లాడి 1915లో పోయాడు.

1910 జనాభా లెక్కలు ఆ నలభై ఏళ్ల శ్రమను ప్రభుత్వం ఎలా చూసిందో చెబుతాయి. సుబోటిత్సా జనాభా 94,610. అందులో 33,390 మంది బున్యెవ్‌త్సీలు. లెక్కల పట్టికలో వాళ్లకు వరస లేదు. ‘ఇతరులు’ కింద వేశారు. ఊరిలో మూడో వంతు జనం ఇతరులట!

757 మందిలో ఎవరెవరు?

1918 నవంబరులో సామ్రాజ్యం కూలింది. సుబోటిత్సా టౌన్‌హాల్ అప్పటికి కొత్త కట్టడం. కోమోర్, యాకబ్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు రంగు పింగాణీ పలకలతో, పూల నగిషీలతో హంగేరియన్ వైభవానికి చిహ్నంగా లేపిన భవనం. దాని మీద నవంబరు 10న బున్యెవ్‌త్సీల జెండా ఎగిరింది. ఎగరేసినవాళ్లకు పెద్ద ఫాదర్ బ్లాష్కో రాయిచ్. సెయింట్ రోక్ చర్చి గురువు, పత్రికా సంపాదకుడు, వక్త. మూడు రోజుల్లో సెర్బియా సైన్యం పట్టణంలోకి వచ్చింది.

నవంబరు 25న నోవీ సాద్‌లో మహాసభ జరిగి బాచ్కా, బనాత్, బరాన్యా ప్రాంతాలను సెర్బియాతో కలుపుతున్నట్టు తీర్మానించింది. సభ్యులు 757 మంది. వాళ్లలో 578 మంది సెర్బులు, 84 మంది బున్యెవ్‌త్సీలు, 62 మంది స్లొవాక్‌లు, 21 మంది రూసిన్‌లు, 6 మంది జర్మన్లు, 3 షోక్‌త్సీలు, 2 క్రొయేట్లు, 1 హంగేరియన్. ఈ పట్టికను మళ్లీ చూడండి. బున్యెవ్‌త్సీ, షోక్‌త్సీ, క్రొయేట్ మూడు వేర్వేరు వరసల్లో ఉన్నాయి. ఆ రోజు ఎవరికీ అది ప్రశ్నగా తోచలేదు. హంగేరీ నుంచి బయటపడడమే ముఖ్యం. తర్వాతి నూరేళ్ల వివాదమంతా మాత్రం ఆ మూడు వరసలను కలపాలా, విడిగా ఉంచాలా అన్నదే.

రాయిచ్ 1919లో యుగోస్లావ్ ప్రతినిధి వర్గం వెంట పారిస్ శాంతి సదస్సుకు వెళ్లాడు. సుబోటిత్సా కొత్త యుగోస్లావ్ రాజ్యానికి వచ్చింది. 1920 ట్రియానాన్ ఒప్పందం గీసిన సరిహద్దు వల్ల నేవెన్ పుట్టిన బాయా, అంతునోవిచ్ పనిచేసిన కలోచా హంగేరీలోనే ఉండిపోయాయి. ఒకే జాతి, ఒకే మేలుకొలుపు రెండు దేశాల పాలయ్యాయి.

ఆశపడి వచ్చిన రాజ్యం ఆశ తీర్చలేదు. 1920లో బున్యెవ్‌త్సీ-షోక్‌త్సీ పార్టీ ఏర్పడింది. రాయిచ్ దానికి ముఖ్యుడు. 1921 రాజ్యాంగం అధికారమంతా బెల్‌గ్రేడ్‌లో కుప్ప పోసింది. అందుకు విసిగి చాలామంది స్త్యెపాన్ రాదిచ్ నడిపే క్రొయేట్ రైతు పార్టీ వైపు జరిగారు. సుబోటిత్సాలో దానికి యోసిప్ వుకోవిచ్ జీదో నాయకుడు. 1928లో పార్లమెంటులోనే రాదిచ్ మీద కాల్పులు జరిగాయి, ఆ గాయాలతో ఆయన చనిపోయాడు. 1929 జనవరిలో రాజు రాజ్యాంగాన్ని రద్దు చేసి పార్టీలను నిషేధించాడు. 1939లో క్రొయేషియాకు బనోవినా పేరిట స్వపరిపాలన వచ్చినప్పుడు పక్కనున్న స్రేమ్ పశ్చిమ తాలూకాలు అందులో కలిశాయి. సుబోటిత్సాను కలపలేదు. రెండోసారి గీత వాళ్లకు అవతలే పడింది.

పార్టీలు మూతబడినప్పుడు చర్చి, సంస్కృతి సంఘాలు బరువు మోశాయి. బిషప్ లాయ్చో బుడనోవిచ్ చొరవతో 1934లో సుబోటిచ్కా మాటిత్సా అనే సంస్కృతి సంఘం ఏర్పడింది. 1936లో పూర్వికుల రాకకు 250 ఏళ్లు నిండాయని సుబోటిత్సాలో పెద్ద ఉత్సవం చేశారు. తాము క్రొయేట్ జాతిలో భాగమని ఆ వేదిక మీద బాహాటంగా చెప్పుకున్నారు.

కోతల పండుగ

రాజకీయం కన్నా ఎక్కువ కాలం నిలిచిన ఒక పండుగ గురించి ఇక్కడ చెప్పాలి. గోధుమ కోత ముగిసినప్పుడు సలాష్‌లో కూలీలకు, యజమానికి కలిపి భోజనం, పాట, ఆట. దాన్ని దూజియాంత్సా అనేవారు. ఇంటి ముంగిట జరిగే ఈ వేడుకను 1911లో రాయిచ్ తన సెయింట్ రోక్ చర్చిలోకి తెచ్చాడు. కోతగాళ్ల ముఠాకు పెద్ద బండాష్, అతని వెనక పనలు ఎత్తే యువతి బండాషిత్సా. ఆ ఇద్దరూ గోధుమ గడ్డితో అల్లిన కిరీటాన్నీ కొత్త పిండితో చేసిన రొట్టెనూ బలిపీఠం ముందు పెడతారు. దేవుడికి కృతజ్ఞత చెప్పడం పైకి కనిపించే అర్థం. ఏడాదికొక రోజు ఈ జనమంతా పట్టణం నడివీధిలో తమ బట్టల్లో, తమ మాటతో, తమ పాటతో కనిపించడం దాని వెనకున్న రాజకీయం. రాయిచ్‌కు ఆ లెక్క తెలియదనుకోను.

సామ్యవాద కాలంలో చర్చి లోపలి దూజియాంత్సా ఒకటి, 1968 నుంచి పట్టణ దూజియాంత్సా మరొకటి వేరువేరుగా జరిగాయి. 1993లో రెండూ కలిశాయి. కిరీటం అల్లే పని ఒక కళగా పెరిగింది. సుబోటిత్సా పక్కనున్న తవాన్‌కుత్ ఊరి ఆడవాళ్లు గడ్డిని నానబెట్టి, చీల్చి, అల్లి, చదునుచేసి బొమ్మలు కడతారు. రంగు వాడరు. గడ్డికి సహజంగా ఉండే పసుపు, బంగారు, గోధుమ ఛాయలతోనే పొలాలు, చర్చిలు, సలాష్‌లు, మనుషుల ముఖాలు తెస్తారు. వీళ్లను స్లామార్కే అంటారు. ఇప్పుడు బాచ్కా క్రొయేట్లు అనగానే పరదేశుల కళ్లకు మొదట కట్టేది ఆ గడ్డి చిత్రాలే. పొలం పని చేసే స్త్రీలు, ఏ కళాశాలా గుర్తించని కాలంలో, తమ జాతికి ఒక ముఖం ఇచ్చారు. మేలుకొలుపు చరిత్ర రాసేవాళ్లు బిషప్‌లకూ సంపాదకులకూ అధ్యాయాలు కేటాయించి వీళ్లకు ఒక వాక్యం ఇవ్వడం నాకు నచ్చదు.

పత్రిక మూతపడిన రోజులు

1941లో హంగేరీ మళ్లీ బాచ్కాను ఆక్రమించింది. బిషప్ బుడనోవిచ్‌ను బుడాపెస్ట్‌కు తరలించి నిర్బంధించారు. యుద్ధం ముగిశాక కమ్యూనిస్టులు వచ్చారు. 1945 మే నెలలో వోయ్‌వోదినా విమోచన కమిటీ ఒక ఉత్తర్వు ఇచ్చింది. బున్యెవ్‌త్సీ, షోక్‌త్సీ అన్న పేర్లను జాతులుగా రాయొద్దు, వాళ్లను క్రొయేట్లుగానే నమోదు చేయండి అని. మేం బున్యెవ్‌త్సీలమే, క్రొయేట్లం కామనే వర్గం ఇప్పటికీ ఆ కాగితాన్ని ఎత్తి చూపుతుంది. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. మనిషి ఎవరో ఉత్తర్వుతో చెప్పకూడదు. అయితే ఆ కాగితానికి డెబ్బై ఐదేళ్ల ముందే, ఏ ఉత్తర్వూ లేకుండా, ఆ జనంలో పెద్ద భాగం జాగ్రెబ్ వైపు చూసిందన్నది కూడా నిజమే. అంతునోవిచ్, మాండిచ్, కుయుంజిచ్ రాతలు అందుకు సాక్ష్యం.

1945లో అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ‘హర్వాత్స్కా రియేచ్’ పత్రిక వచ్చింది. సుబోటిత్సాలో క్రొయేట్ నాటకశాల తెరిచారు. పదకొండేళ్లలో అన్నీ పోయాయి. నాటకశాలను 1951లో హంగేరియన్ నాటక సంస్థతో కలిపేశారు. 1954లో నోవీ సాద్‌లో రచయితలు, భాషావేత్తలు సెర్బియన్, క్రొయేషియన్ రెండూ ఒకే భాష అని ఒప్పందం రాసుకున్నారు. 1956లో హర్వాత్స్కా రియేచ్ పేరు మార్చి ‘సుబోటిచ్కే నోవినే’ అన్నారు. క్రొయేట్ అన్న మాట పత్రిక పేరులోంచి రాలిపోయింది. దీన్ని సాంకేతికమైన మార్పుగా చూడొచ్చు, చాలామంది అలాగే చూశారు. ఒక సమాజానికి చేతిలో ఉన్న ఒకే ఒక పత్రిక తన పేరు కోల్పోవడం మాత్రం చిన్న దెబ్బ కాదు.

ఆ దశకాల్లో పని జానపదంలోకి వెళ్లింది. న్యాయవాది బాలింత్ వుయ్కోవ్ ఊరూరూ తిరిగి ముసలివాళ్ల దగ్గర కథలు సేకరించి సంపుటాలు వేశాడు. మతియా పొల్యాకోవిచ్ సలాష్ మనుషుల మాటలోనే నాటకాలు రాశాడు, జనం విరగబడి చూశారు. 1970లో ‘బున్యెవచ్కో కోలో’ నృత్య సంఘం పెట్టారు. తంబురిత్సా తీగవాద్య బృందాలు పెళ్లిళ్లలో మోగాయి. అప్పటికి జాగ్రెబ్‌లో ‘క్రొయేషియన్ వసంతం’ ఉద్యమం రగిలింది. 1971 డిసెంబరులో యుగోస్లావియా అధినేత టీటో దాన్ని అణిచాక ఆ వేడి సుబోటిత్సాకూ తగిలింది. సంస్కృతి సంఘాల్లో చురుగ్గా ఉన్నవాళ్లను పదవుల నుంచి తప్పించారు. జాతి గురించి గొంతెత్తితే ఉద్యోగం పోతుందన్న భయం ఇళ్లలో స్థిరపడింది. లెక్కల్లో ‘యుగోస్లావ్’ అని రాయించుకోవడం క్షేమమనుకున్నవాళ్లు పెరిగారు. వోయ్‌వోదినా క్రొయేట్ల సంఖ్య 1971లో 1,38,561. పదేళ్లకు 1,09,203. అప్పటికి తుపాకీ పేలలేదు, ఎవరూ ఎవరినీ తరమలేదు.

హర్త్‌కోవ్‌త్సీ

1990 జులై 15న సుబోటిత్సాలో వోయ్‌వోదినా క్రొయేట్ల ప్రజాస్వామ్య కూటమి ఏర్పడింది. పొట్టి పేరు డి.ఎస్.హెచ్.వి. తొలి అధ్యక్షుడు బేలా టోంకోవిచ్. ఆ ఏడాది చివర జరిగిన ఎన్నికల్లో పార్టీ తరఫున ఆంతున్ స్కెండెరోవిచ్ సెర్బియా పార్లమెంటుకు గెలిచాడు. అరవై ఏళ్ల తర్వాత దక్కిన మొదటి గొంతు. అప్పటికే దేశం చీలిపోతోంది. క్రొయేషియాలో యుద్ధం మొదలయ్యాక సెర్బియాలో క్రొయేట్ అంటే శత్రువుతో సమానమైంది.

దెబ్బ బాచ్కా కన్నా స్రేమ్ మీద ఎక్కువ పడింది. 1992 మే 6న స్రేమ్‌లోని హర్త్‌కోవ్‌త్సీ గ్రామంలో సెర్బియన్ రాడికల్ పార్టీ అధినేత వోయిస్లావ్ షెషెల్ సభ పెట్టి, క్రొయేట్లకు ఇక్కడ చోటు లేదని మాట్లాడాడు. బెదిరింపులు, ఫోన్లు, ఇంటి మీదికి రావడాలు. కొన్ని వారాల్లో ఊరి క్రొయేట్లలో చాలామంది వెళ్లిపోయారు. క్రొయేషియా నుంచి తరిమివేతకు గురైన సెర్బు కుటుంబాలతో ఇళ్లు మార్చుకున్నవాళ్లు ఎందరో. ఇటు నుంచి అటు వెళ్లినవాళ్లూ అటు నుంచి ఇటు వచ్చినవాళ్లూ ఇద్దరూ ఇల్లు పోగొట్టుకున్నవాళ్లే. ఊరి పేరును కూడా కొంతకాలం ‘సర్బిస్లావ్‌త్సీ’గా మార్చారు. కుకుయెవ్‌త్సీ, గిబారాత్స్ వంటి ఊళ్ల నుంచీ క్రొయేట్లు అలాగే వెళ్లిపోయారు. ఇరవై ఆరేళ్లకు, 2018 ఏప్రిల్‌లో, హేగ్‌లోని ఐక్యరాజ్యసమితి యుద్ధ నేరాల న్యాయస్థానపు అప్పీలు ధర్మాసనం అంతకుముందు నిర్దోషిగా వదిలేసిన తీర్పును కొట్టేసి, ఆ ప్రసంగానికి షెషెల్‌ను దోషిగా తేల్చి పదేళ్ల శిక్ష వేసింది. విచారణ కాలంలో ఖైదులో గడిపిన ఏళ్లతో అది చెల్లిపోయిందని అంది. వెళ్లిపోయినవాళ్లలో తిరిగి వచ్చినవాళ్లు అతి కొద్దిమంది.

1991 లెక్కల్లో బున్యెవ్‌త్సీ మళ్లీ విడి జాతిగా వరస ఎక్కింది. 21,434 మంది ఆ పేరు రాయించుకున్నారు. కొందరికి అది తాతల నాటి పేరు, గుండెలోంచి వచ్చిన మాట. కొందరికి ఆ రోజుల్లో క్రొయేట్ అని చెప్పుకోకుండా తప్పించుకునే దారి. ఎవరు ఎందుకు రాయించుకున్నారో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు, కాకూడదు కూడా.

సీటు ఎక్కడ?

2000లో యుద్ధకాలపు పాలకుడు మిలోషెవిచ్ దిగిపోయాక తలుపులు తెరుచుకున్నాయి. 2002లో మైనారిటీల చట్టం వచ్చింది. ఆ ఏడాది బడి తెరిచేనాటికి సుబోటిత్సాలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ క్రొయేషియన్ మాధ్యమంలో ఒకటో తరగతి మొదలైంది. డిసెంబరు 15న క్రొయేట్ జాతీయ మండలి ఏర్పడింది. 2003 ఆరంభంలో హర్వాత్స్కా రియేచ్ వారపత్రిక నలభై ఆరేళ్ల తర్వాత తన పేరుతో మళ్లీ వచ్చింది. 2008లో వోయ్‌వోదినా క్రొయేట్ల సాంస్కృతిక సంస్థ వచ్చింది. 1848లో హంగేరీ మీద సైన్యం నడిపిన క్రొయేట్ వీరుడు బాన్ యెలాచిచ్ పెత్రోవరదీన్‌లో పుట్టిన ఇంటిని 2020లో సెర్బియా ప్రభుత్వ నిధులతో కొని ఈ సమాజానికి అప్పగించారు. తొంభైల్లో ఎవరైనా ఇలా జరుగుతుందని చెబితే నమ్మేవాళ్లు కారు.

సాంస్కృతిక సంస్థకు తొలి సంచాలకుడు టోమిస్లావ్ జిగ్మానోవ్. తవాన్‌కుత్‌లో పుట్టిన రచయిత, తత్వశాస్త్ర విద్యార్థి. పేతర్ కుంటిచ్ తర్వాత 2015లో డి.ఎస్.హెచ్.వి. పగ్గాలు పట్టాడు. 2022లో వోయ్‌వోదినా ప్రాంతీయవాదులతో కలిసి పోటీ చేసి పార్లమెంటుకు గెలిచాడు, అక్టోబరులో మానవ, మైనారిటీ హక్కుల మంత్రి అయ్యాడు. ప్రభుత్వంలో చేరడం గెలుపా, లొంగుబాటా అన్న చర్చ క్రొయేట్లలోనే తీవ్రంగా జరిగింది. మాముజిచ్ మేయరుగిరీ రోజుల నుంచీ ఈ సమాజాన్ని వెంటాడే ప్రశ్నే ఇది. లోపల కూర్చుంటే బడి, నిధులు, భవనాలు వస్తాయి, బయట ఉంటే గొంతు స్వేచ్ఛగా ఉంటుంది. ఇంత చిన్న సమాజానికి రెండూ ఒక్కసారి దొరకవు. బయటనుంచి చూసే నేను వాళ్లను తప్పుపట్టలేను.

బున్యెవ్‌త్సీ జాతీయ మండలి విడిగా ఉంది. బున్యెవ్ మాటను 2007 నుంచి బడుల్లో ఒక పాఠ్యాంశంగా చెబుతున్నారు. 2021లో సుబోటిత్సా నగరపాలక సంస్థ దాన్ని అధికార భాషల్లో చేర్చింది. క్రొయేషియా ప్రభుత్వం నిరసన తెలిపింది. పాలను సెర్బియన్‌లో మ్లేకో, ప్రామాణిక క్రొయేషియన్‌లో మ్లియెకో అంటారు. సుబోటిత్సాలో క్రొయేట్ ఇంట్లోనూ బున్యెవ్‌త్సీ ఇంట్లోనూ అది మ్లీకోనే. ఒకే మాట మాట్లాడే రెండిళ్ల మధ్య ప్రభుత్వాలు గోడ కట్టడం నాకు బాధ కలిగిస్తుంది. తాము విడి జాతి అని నమ్మేవాళ్లను కాదనే హక్కూ ఎవరికీ లేదు. 2022 లెక్కల్లో వాళ్లు 11,104 మందికి తగ్గారు. క్రొయేట్లతో పాటే వాళ్లూ కరుగుతున్నారు. సరిహద్దుకు అవతల హంగేరీలో ఇదే జనం క్రొయేట్ మైనారిటీలో భాగంగానే లెక్కకు వస్తారు. 2014 నుంచి బుడాపెస్ట్ పార్లమెంటులో వాళ్లకొక ప్రతినిధి ఉన్నాడు. మాట్లాడవచ్చు, ఓటు వేయలేడు.

సెర్బియాలో అదీ లేదు. అక్కడ మైనారిటీ పార్టీలకు కనీస ఓట్ల శాతం నిబంధన వర్తించదు. 250 సీట్ల సభలో ఒక్క సీటుకు సరిపడా ఓట్లు మాత్రం తెచ్చుకోవాలి. ఎక్కువమంది పోలింగుకు వస్తే అది పదిహేను వేల దాకా పోతుంది. పసిపిల్లలను, ఇంకో పార్టీకి ఓటేసేవాళ్లను, జర్మనీకో ఐర్లండ్‌కో పనికి పోయినవాళ్లను తీసేస్తే సెర్బియా మొత్తంలో ఉన్న 39,107 మంది క్రొయేట్ల నుంచి అన్ని ఓట్లు రావడం అసాధ్యం. అందుకే ఒకసారి ప్రాంతీయవాదులతో, 2023లో సంజాక్ ప్రాంతపు బోస్నియాక్ పార్టీతో, ప్రతి ఎన్నికకూ కొత్త పొత్తు వెతుక్కోవలసి వస్తోంది. ఆ పొత్తులో అవతలి పక్షం అజెండా కూడా భుజాన వేసుకోవాలి.

దీనికి పరిష్కారం కాగితం మీద ఎప్పుడో ఉంది. 2004 నవంబరు 15న బెల్‌గ్రేడ్‌లో క్రొయేషియా, అప్పటి సెర్బియా-మాంటెనెగ్రో మైనారిటీ హక్కుల ఒప్పందం మీద సంతకం చేశాయి. చట్టసభల్లో ఒకరి మైనారిటీకి మరొకరు ప్రాతినిధ్యం కల్పించాలని అందులో రాసుకున్నారు. జాగ్రెబ్ సభలో సెర్బు మైనారిటీకి మూడు స్థానాలు చట్టప్రకారం ఖాయంగా ఉన్నాయి. బెల్‌గ్రేడ్ సభలో క్రొయేట్లకు అలాంటిది ఒక్కటీ లేదు. ఇరవై ఏళ్లు దాటాయి. ఆ చట్టం చేయడానికి పెద్ద ఖర్చు లేదు, రాజ్యాంగ సంక్షోభం రాదు, ఎవరి నేలా పోదు. 2031లో మళ్లీ జనాభా లెక్కలు వస్తాయి. అంతకన్నా ముందే ఆ ఒక్క సీటు వాళ్లకు రావాలి.